మూడోసారి అడగలేదు

మొన్న ఒక మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. పక్కగదిలో మా మనవరాలు ఫోనులో ఇంగ్లీషు పాఠం వింటోంది. ఇక్కడే కర్నూల్లో ఏదో పెద్ద హోటల్లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందట. రోజూ ఒక అరగంట ఆ ఫోనులోని అమ్మాయి అన్నది అన్నట్టు అనడం దాని పని. ఆ పూట పాఠం ఏమిటంటే, ఒక సంగతి అంత పట్టించుకోవాల్సింది కాదని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా చెప్పొచ్చు అని. ఫోనులోని అమ్మాయి నవ్వుతూ ఒక్కొక్కటే చెబుతుంటే ఇది వల్లిస్తోంది. "నో బిగ్ డీల్. నెవర్ మైండ్. ఇట్ డజంట్ మ్యాటర్. ఇట్స్ నథింగ్."

ఆ చివరి మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"అవ్వా, నువ్వు గూడా అను. నీకు నోరు తిరుగుతాదో లేదో చూస్తాం" అని అది లోపలి నుంచి కేకేసింది. నోరు తిరగకేం! ఆ మొదటిదేదో ఈ కాలంది గానీ, మిగతా మూడూ నేను దాని వయసులో సగం ఉన్నప్పుడే దానికంటే బాగా అన్నాను. అన్నందుకు బహుమతి కూడా పుచ్చుకున్నాను. ఆ బహుమతి గురించి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నవాళ్ళకీ చెప్పలేదు. ఈ వయసులో ఇంక దాచుకుని చేసేదేముంది, చెప్పేస్తాను.

మాది కోడుమూరు పక్క ఎర్రనేల ఊరు. వానొస్తే బుడ్డలు, అంటే వేరుశనగ, రాకపోతే బూడిద. ఎండాకాలం వచ్చిందంటే ప్రతి ఇంటి పంచలోనూ విత్తనం బుడ్డలు ఒలవడమే పని. రాత్రి కాయల మీద నీళ్ళు చిలకరించి గోనెపట్ట కప్పేవాళ్ళు. పొద్దున పట్ట తీస్తే ఇల్లంతా తడిమట్టి వాసన. వాన పడకుండానే వచ్చే ఆ వాసన మీద మాకు భలే మోజు. ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చుని ఒలుస్తూ ఊరిలో ఒక్క సంసారాన్ని కూడా వదలకుండా తిరగేసేవాళ్ళు. మేము పిల్లలం పప్పులు నోట్లో వేసుకోకుండా మా అవ్వ మా చేత పాటలు పాడించేది. పాడే నోరు తినలేదని ఆమె లెక్క. చరణానికీ చరణానికీ మధ్య ఎన్ని పప్పులు పోయేవో ఆ దేవుడికే తెలుసు. మధ్యాహ్నం వేడి జొన్నరొట్టె మీద ఉల్లిగడ్డ కారం రాసి, పైన ఇంత పచ్చి బుడ్డలనూనె పోసి చేతికిచ్చేది అమ్మ. ఆ కారానికి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ఇంకొకటి కావాలనిపించేది.

అవ్వంటే మా నాయనమ్మ. ఇంటి పెత్తనం ఆమెది. అమ్మది గొంతు పెగలని స్వభావం. దెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా, అలిసిపోయినా అమ్మ నోట వచ్చే మాట ఒక్కటే. ఏంలేదు.

ఆ మాటకొస్తే మా ఊళ్ళో ఎవరూ మొదటి మాటలో నిజం చెప్పరు. అబద్ధాలకోరులని కాదు, అక్కడి పద్ధతి అది. ఎండనపడి వచ్చిన మనిషిని అన్నం తింటావా అంటే, ఇప్పుడే తినొచ్చినా అంటాడు. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టి ఉండడు. రెండోసారి అడిగితే, మీకెందుకులే వదినా అంటాడు. మూడోసారి అడిగితే కాళ్ళు కడుక్కోవడానికి లేస్తాడు. అడిగేవాళ్ళకీ తెలుసు, కాదనేవాళ్ళకీ తెలుసు.

నాకు పన్నెండేళ్ళు నిండిన ఎండాకాలం, ఒకరోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు మా నాయనకు మామ వరసయ్యే ముసలాయన నడిచి వచ్చాడు. రొట్టె పెట్టేదా తాతా అన్నాను. వద్దులే పాపా అన్నాడు. సరే అని రొట్టెల గంప మీద గుడ్డ కప్పి ఆడుకోవడానికి పోయాను. ఆయన అరుగు మీద గంటసేపు కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి పోయాడట. సంగతి తెలిసి అవ్వ చీపురు పరక ఎత్తుకుంది.

"ఏమే, మనిషి వద్దంటే వద్దేనా? మూడుమార్లు అడగల్ల గదే! ఒకటో మాట మర్యాదది, రెండో మాట సిగ్గుది, మూడో మాటే మనిషిది. గుర్తు పెట్టుకో" అని నాలుగు అంటించి, రొట్టెలు గుడ్డలో కట్టుకుని తానే ఆ ముసలాయన వెంట రోడ్డు దాకా పరిగెత్తింది. ఆ దెబ్బలు మర్చిపోయాను గానీ మాట మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇంత బాధ ఉండకపోను.

ఆ ఎండాకాలమే మా ఇంగ్లీషు సారు సెలవుల్లో కూడా సాయంత్రాలు పాఠం పెట్టాడు. కడప పక్కాయన, పెళ్ళి కాలేదు, ఊళ్ళో గది తీసుకుని ఉండేవాడు. పల్లెటూరి పిల్లలు పుస్తకంలో ఇంగ్లీషు కాదు, నోటి ఇంగ్లీషు మాట్లాడాలని ఆయన పట్టుదల. వారానికొక సంగతి ఎత్తుకునేవాడు. ఒక వారమంతా, ఎదుటివాడు పొరపాటు చేసి బాధపడుతుంటే పర్లేదులే అనడం ఎట్లాగో నేర్పాడు. కావాలని మా కాలు తొక్కేవాడు, పలక కింద పడేసేవాడు, అయ్యో సారీ అనేవాడు. మేమంతా గొంతు చించుకుని "నెవర్ మైండ్ సార్! ఇట్ డజంట్ మ్యాటర్ సార్! నాట్ ఎట్ ఆల్ సార్! ఇట్స్ నథింగ్ సార్!" అని అరవాలి. నాలుగూ తడుముకోకుండా అన్నవాళ్ళకే ఇంటికి పోవడానికి సెలవు. రోజూ మొదట బయటపడేది నేనే.

ఊరంతా ఆ నాలుగు మాటలతో మారుమోగింది. గోళీ పోయినా నెవర్ మైండే, మోకాలు చీరుకుపోయినా ఇట్స్ నథింగే. ఒకరోజు నేను పరిగెత్తుకుంటూ వచ్చి అవ్వ చింతపండు నానబెట్టిన కుండను తన్నేశాను. కుండ రెండు చెక్కలైంది. "నెవర్ మైండ్ అవ్వా!" అన్నాను.

"నీ మైండుకు మన్నుబడ! కుండ పాయ, పులుసు పాయ, ఇంగేంది మైండు?" అని అవ్వ తరుముకుంటే అమ్మ పంచలో కూర్చుని ఒలిచే చేతులు ఆపి మరీ నవ్వింది. అమ్మ అంతగా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు. నవ్వి నవ్వి ఎడమచెయ్యి గుండెకు అడ్డం పెట్టుకుంది. నవ్వుకే అట్లా పెట్టుకుందనుకున్నాను.

మా పక్కిల్లు మిషను కుట్టే ఖాలాది. ఊరి ఆడవాళ్ళ రవికలన్నీ ఆమె చేతివే. మగదిక్కు లేని మనిషి, ఆ మిషను మీదే ఇద్దరు పిల్లల్ని పెంచింది. రంజాను నెలలో మాకు గంజి వచ్చేది, మా ఓళిగలు వాళ్ళింటికి పోయేవి. అమ్మ మనసు విప్పి మాట్లాడేది ప్రపంచంలో ఆమె ఒక్కతెతోనే. ఒకరోజు అమ్మ నా చేతికి తన పాత రవిక ఇచ్చి, "ఎడమపక్క రవ్వంత వదులు చెయ్యమని చెప్పు ఖాలాకు" అంది. తెచ్చిచ్చాను. ఇరవై రోజులకు మళ్ళీ అదే రవిక, మళ్ళీ అదే మాట.

ఖాలా మిషను ఆపింది. "పాపా, మీ అమ్మ తిండి తింటాందా?"

"శానా తగ్గించింది ఖాలా."

"మనిషి చిక్కిపోతాంటే రవిక యాడన్నా బిగుతవుతాదా? అదీ ఒక్క పక్కనే?" అని నన్ను కాదు, చేతిలోని రవికను అడిగింది. అట్లాగే లేచి మా ఇంటికి వచ్చి, అమ్మను పెరట్లో స్నానాల తడిక వెనక్కి తీసుకుపోయింది. నేను తడిక ఇవతల కోళ్ళను తోలుతున్నట్టు నిలబడి విన్నాను.

"ఎన్ని దినాలాయ అక్కా ఇది?"

"ఏంలేదులే. పాలు గడ్డకట్టి అట్లే నిలిచిపోయిందేమో."

"నీ బిడ్డకు పన్నెండేండ్లు వచ్చె. ఇంగా యాడి పాలక్కా?"

ఖాలా ఏడుపు గొంతుతో అన్నకు చెప్తాను అంది. అన్నంటే మా నాయన. అమ్మ ఆమె చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "ఎవురికన్నా చెప్తే నన్ను చంపినట్టే. మొగోళ్ళకు చెప్పే నొప్పి కాదు ఇది. విత్తనం పన్లు కానీ, ఆ మీద చూస్తాం" అంది. ఖాలా ఒట్టులో ఇరుక్కుపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో దండోరా పడింది. పట్నం నుంచి డాక్టర్లు వస్తున్నారు, బడిలో అందరికీ ఉచితంగా చూస్తారు అని. వాళ్ళలో ఒకామె ఆడడాక్టరట. ఖాలాకు ప్రాణం లేచొచ్చింది. ఆడమనిషికి చూపిస్తే మగవాళ్ళకు చెప్పినట్టు కాదు, ఒట్టూ తప్పదు. ఆ పూట కుట్టుపని మానుకుని అమ్మను దాదాపు ఈడ్చుకుంటూ బడికి తెచ్చింది. వాళ్ళ వెంట నేను.

తీరా పోతే ఆ డాక్టరమ్మకు తెలుగు రాదు. ఎక్కడో దూరపు రాష్ట్రం మనిషి. మాట అటూ ఇటూ చెప్పే నర్సమ్మ అన్నానికి పోయింది. వరుస ఆగిపోయింది. అప్పుడు మా సారు నన్ను చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. నా రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి, ఈ పిల్ల మాట్లాడుతుంది మేడం అన్నాడు. వరుసలో తర్వాతి నంబరు మా అమ్మదే. తోడు ఒక్కరినే రానిస్తారు, ఆ ఒక్కరూ నేనే. ఖాలా బయట ఆగిపోతూ నా చెవి దగ్గరికి వంగింది.

"పాపా, మీ అమ్మ ఏంలేదంటాది. ఆ మాట పట్టుకోవాకు. రెండోసారి అడుగు, మూడోసారి అడుగు. చెప్పకపోతే నువ్వే చెప్పు, ఎడమ రొమ్ములో గడ్డుండాదని. ఒట్టు నాకుండాది, నీకు లేదు" అంది. తలూపాను.

మా ఐదో తరగతి గదికి దుప్పటి అడ్డం కట్టారు. దుప్పటికి ఇవతల డాక్టరమ్మ, అమ్మ, నేను. అవతల సారు. కిటికీ చువ్వల్లో మా సావాసగాళ్ళ తలకాయలు. డాక్టరమ్మ ఏమిటి బాధ అని ఇంగ్లీషులో అడిగింది. నాకు అర్థమైంది. అర్థమైనందుకే ఒళ్ళు పొంగిపోయింది.

"ఏం బాధో చెప్పమంటాండాది మా" అన్నాను.

అమ్మ తల దించుకుంది. "ఏంలేదులే తల్లీ, ఊరికే వచ్చినా అని చెప్పు."

"ఇట్స్ నథింగ్, మేడం" అన్నాను.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయి నవ్వింది. కిటికీ దగ్గర గుసగుసలు లేచాయి. ఆమె మంచి మనిషే, నా మాటతో సరిపెట్టుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని, నిజంగానా అన్నట్టు మళ్ళీ అడిగింది. అమ్మకు ఆ భాష రాదు. అయినా రెండోసారి అడుగుతున్నారని తెలిసింది. కళ్ళెత్తి ఆమెను చూసింది. కుడిచెయ్యి మెల్లగా ఎడమ భుజం మీది కొంగు దగ్గరికి పోయింది. పెదాలు కదిలాయి.

"అదీ... ఈడ..."

నాకు తెలుసు. ఎవరూ నాకు చెప్పక్కర్లేదు, ఏం చెప్పబోతోందో నాకు పూర్తిగా తెలుసు. కానీ గడ్డను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. రొమ్మును ఏమంటారో తెలియదు. తెలిసినా దుప్పటి అవతల సారు వింటుండగా, కిటికీలో వాళ్ళంతా చూస్తుండగా ఆ మాట అనలేను. ఏంలేదు అనడానికి మాత్రం నాకు నాలుగు రకాలు వచ్చు. అమ్మ మాట పూర్తయితే నా చదువు బయటపడిపోతుంది. చెయ్యి పెట్టి చూపించినా చాలు, డాక్టరమ్మ చూసుకునేది. ఆ ఒక్క క్షణం నేను నోరు మూసుకుని ఉంటే చాలు.

"నాట్ ఎట్ ఆల్, మేడం. ఇట్ డజంట్ మ్యాటర్" అన్నాను గట్టిగా.

అమ్మ నా గొంతు విని నా వైపు చూసింది. ఏదో చెప్పేశానని అనుకుందో, చెప్పనివ్వలేదని అనుకుందో. చెయ్యి కిందికి దించి కొంగు సర్దుకుంది. డాక్టరమ్మ నా బుగ్గ గిల్లి, ఇంగ్లీషు చాలా బాగుందని మెచ్చుకుని, తన జేబులోని నీలంరంగు పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. అమ్మకు బలానికి ఎర్రమాత్రలు రాసింది. సారు దుప్పటి అవతల చప్పట్లు కొట్టాడు.

బయట ఖాలా ఎదురొచ్చింది. "చెప్తివా పాపా?"

"చెప్పినా."

"గడ్డ సంగతి చెప్తివా?"

"చెప్పినా ఖాలా. మాత్రలిచ్చింది. తగ్గిపోతాదంట."

ఈ అబద్ధం నేను ఆడుతున్నప్పుడు అమ్మ నా పక్కనే ఉంది. కాదనలేదు. పదిమందిలో బిడ్డ పరువు తియ్యడం ఇష్టం లేక కాబోలు, "పాపకు పెన్నిచ్చింది చూడు, డాక్టరమ్మ" అంది ఖాలాతో. ఖాలా రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దండం పెట్టుకుంది. ఆ తర్వాత వారం రోజులు అమ్మ ఎవరు కనబడినా ఆ పెన్ను సంగతే చెప్పింది.

వానలొచ్చాయి. విత్తనాలు పడ్డాయి. కలుపులు, కోతలు, అన్నిట్లోనూ అమ్మ ఉంది. మాత్రలున్నాయి కదా అని ఖాలా కొన్నాళ్ళు ఊరుకుంది. రవిక మూడోసారి వచ్చినప్పుడు ఆమె మిషను మీద తల పెట్టుకుని ఏడ్చి, ఒట్టూ లేదు గట్టూ లేదని నేరుగా మా నాయన దగ్గరికి పోయి చెప్పేసింది. నాయన బండెద్దులను అమ్మి అమ్మను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారయ్యా, బండరాయిలా అయిపోయింది, మొన్న ఎండాకాలమే వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్ళం కదా అన్నాడట. నాయన ఆ మాట ఇంటికొచ్చి అవ్వకు చెబుతుంటే గుమ్మం పక్కన నిలబడి విన్నాను. ఎండాకాలం అన్న మాట వినగానే పోయి పెన్నును మిద్దె కప్పు దంతెల సందులోకి, చెయ్యి పోయినంత లోపలికి తోసేశాను. దాంతో ఒక్క అక్షరం రాయలేదు.

మళ్ళీ ఎండలు ముదిరేసరికి అమ్మ మంచం దిగలేని స్థితికొచ్చింది. పంచలో మళ్ళీ తడిబుడ్డల వాసన, దాని వెనక అమ్మ మంచం దగ్గరి ఇంకో వాసన. అవ్వ సాంబ్రాణి వేస్తూ ఉండేది. అది దేన్నీ కప్పలేకపోయింది. నేను ఆ మంచం దగ్గరికి పోకుండా తప్పించుకు తిరిగేదాన్ని. అమ్మ మాత్రం నన్నే వెతుక్కునేది. ఒక పగటిపూట ఇంట్లో ఎవరూ లేరు. ఇంక మోయలేక మంచం పట్టె పట్టుకుని కూలబడ్డాను.

"మా, ఆ పొద్దు డాక్టరమ్మ నిన్ను రెండోసారి అడిగింది. నువ్వు చెప్పబోతాంటివి. నేనే అడ్డంపడి ఏంలేదంటి. ఖాలాకు గూడా అబద్ధం చెప్తి. నాకు ఇంగ్లీషు రాదని తెలిసిపోతాదని అట్ల చేస్తి మా."

అమ్మ నా వైపు తల తిప్పింది. కళ్ళు తప్ప ఇంకేమీ మిగల్లేదు ఆమెలో. తర్వాత చెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక, వేళ్ళు మాత్రం కదిపింది.

"దానిదేముండాదిలే పాపా. పోయి అన్నం తినుపో."

ఆ తర్వాత అమ్మ ఇరవై రోజులు బతికింది.

ఆ మిద్దె ఇప్పుడు లేదు. ఒక వానకు కూలిపోతే మన్ను ఎత్తి పొలానికి తోలారు. దాంతోపాటే ఆ పెన్నూ పోయి ఉంటుంది. పంచలు లేవు, ఒలిచేవాళ్ళు లేరు, యంత్రాలొచ్చాయి. ఖాలా ఎప్పుడో పోయింది. ఆమె పోయేదాకా తన ఒట్టు వల్లే అక్క చచ్చిపోయిందని అందరితో చెప్పుకుని ఏడ్చేది. నేను పక్కనే ఉండి వినేదాన్ని. నిజం చెప్పి ఆమె ఏడుపు ఆపలేదు. ఆ పాపం కూడా నాదే.

మొన్న మనవరాలు పాఠం ముగించుకుని వంటింట్లోకి వచ్చింది. "ఏమైందవ్వా, కండ్లల్లో నీళ్ళు?" అంది.

"ఏంలేదు, ఉల్లిగడ్డలు" అన్నాను.

సరే అని నీళ్ళసీసా తీసుకుని వెళ్ళిపోయింది. దాని తప్పేమీ లేదు, మూడుసార్లు అడగాలని దానికి ఎవరు చెప్పారు? నాకు చెప్పారు, పరక తిరగేసి మరీ చెప్పారు. దానిదేముందిలే అని అమ్మ అన్నది మొదటి మాట. మర్యాద మాట. రెండోసారి అడిగితే ఏమనేదో, మూడోసారి అడిగితే ఏమనేదో. ఎందుకట్లా చేస్తివే అని తిట్టేదో, నాకు బతకాలనుందే అని ఏడ్చేదో, నిజంగానే క్షమించేదో. ఇరవై రోజులు, పూటకొకసారి అడిగినా ఎన్నోసార్లు అడగొచ్చు. అడగలేదు. ఆ మొదటి మాట నాకు చాలినంత హాయిగా ఉంది, అందుకని అడగలేదు.

పోయి అన్నం తినుపో అంది కదా, పోయి తిన్నాను. ఆ రోజు సంగటిలోకి చింతచిగురు పప్పు చేసింది అవ్వ. భారం దిగిపోయి ఆకలి విపరీతంగా వేసింది. పప్పు బాగుందని రెండోసారి కూడా అడిగి వేయించుకుని తిన్నాను.